రూ మొక్క, సదాపాకు ఒకటేనా? పసిపాపకు రసం పోయవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నర్సరీలో 'రూ' అనే మధ్యధరా ప్రాంతపు మొక్క కొన్నాను. ఇటలీలో వంటల్లో, మందుల్లో వాడతారని చెప్పి అమ్మారు. మా అత్తయ్య చూసి ఇది సదాపాకే అన్నారు. పాపకు నాలుగో నెల. జలుబు చేస్తే రెండు చుక్కల రసం పాలల్లో కలిపి పోయమంటున్నారు. మొన్న మధ్యాహ్నం కొమ్మలు కత్తిరించాను, రెండు రోజులకు మణికట్టు మీద బొబ్బలు లేచాయి. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఇది మందా, విషమా? ఉంచాలా, పీకేయాలా?"

ముందు వెంటనే తెలియాల్సింది చెప్తాను. పాపకు రసం పోయకండి, ఒక్క చుక్క కూడా వద్దు. మీరు మళ్లీ గర్భంతో ఉన్నా, ఆ ఆలోచనలో ఉన్నా మీరూ నోట్లో పెట్టుకోకండి. మొక్కను మాత్రం పీకనక్కర్లేదు. ఎలా ముట్టుకోవాలో తెలిస్తే దీన్ని ఇంట్లో హాయిగా ఉంచుకోవచ్చు. ఫార్మసీ కాలేజీలో ఔషధ మొక్కల పాఠాలు చాలా ఏళ్లు చెప్పాను, ఈ మొక్క మా డాబా మీద ఎప్పుడూ ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన మొక్క కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ అత్తగారు చెప్పింది నిజమే. రూ అని అమ్మేదీ, మన ఊళ్లలో చంటిబిడ్డలున్న ఇళ్ల పెరట్లో పెంచే సదాపా ఒకే కోవకు చెందినవి. యునానీ వైద్యులు సుదాబ్ అనేదీ ఇదే. యూరప్ తోటల్లో ఎక్కువగా కనిపించే రకం పేరు రూటా గ్రావియోలెన్స్, దాని పుట్టిల్లు బాల్కన్ కొండ ప్రాంతం. మధ్యధరా సముద్రం చుట్టూ రాతి నేలల్లో తనంతట తానే పెరిగే ఇంకో రకం రూటా చలెపెన్సిస్. మన నర్సరీల్లో రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. పూత వచ్చాక చూడండి: పసుపు రేకుల అంచులు కొద్దిగా వంకీలు తిరిగి ఉంటే మొదటిది, అంచు సన్నటి కుచ్చులా చీలి ఉంటే రెండోది. గుత్తి మధ్యలో ముందుగా విచ్చే పువ్వుకు 5 రేకులుంటాయి, చుట్టూ ఉన్నవాటికి 4. ఏ రకమైనా జాగ్రత్తలు మాత్రం ఒకటే.

ఒక ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నిమ్మాకులో, మారేడాకులో, కరివేపాకులో కూడా ఇవే ఉంటాయి, ఎందుకంటే ఇవన్నీ రూటేసీ అనే ఒకే కుటుంబం. ఆ కుటుంబానికి పేరు ఈ మొక్క నుంచే వచ్చింది. ఆకు నలిపితే ముక్కుకు ఘాటుగా తగిలే వాసన ఆ తిత్తుల్లోని నూనెది. అందులో ఎక్కువ భాగం 2-అన్‌డెకనోన్, 2-నోననోన్ అనే పదార్థాలు. పురుగులు ఈ వాసనను ఇష్టపడవు. 2-అన్‌డెకనోన్‌తో చేసిన దోమల నివారిణి ఒకటి అమెరికాలో అధికారికంగా నమోదైంది కూడా. కాబట్టి రూ కొమ్మను వాకిట్లో కడితే పురుగూ పుట్రా రావని మధ్యధరా పల్లెల్లో నమ్మడానికి కొంత ఆధారం ఉంది.

ఇప్పుడు మీ మణికట్టు సంగతి. అది అలర్జీ కాదు. ఆకు రసంలో ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలున్నాయి. సొరాలెన్, బెర్గాప్టెన్, జాంథోటాక్సిన్ అలాంటివే. అవి చర్మం మీద పడి ఊరుకుంటే ఏమీ కాదు. పడిన చోట ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత ఎ కిరణాల వల్ల అవి చర్మ కణాల్లోని డీఎన్ఏకు అంటుకుని కణాలను దెబ్బతీస్తాయి. అందుకే వెంటనే మంట ఉండదు. సాధారణంగా ఒక రోజు గడిచాక ఎర్రబడి, రెండు మూడు రోజులకు బొబ్బలు ముదురుతాయి. ఇంత ఆలస్యంగా రావడం వల్లే చాలామంది మొక్కను అనుమానించరు, నిన్న తిన్న వంకాయనో కొత్త సబ్బునో తిట్టుకుంటారు. నిమ్మరసం చేతికి అంటుకుని ఎండలో తిరిగినా ఇలాగే జరుగుతుంది. బొబ్బలను చిదపకండి. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ వేయండి. ఆ చోట ఎండ తగలకుండా కొన్ని వారాలు కప్పి ఉంచండి. బొబ్బలు పెద్దవైనా, చీము పట్టినా, ముఖం మీద వచ్చినా చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లండి. తగ్గాక గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. అది కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉండి నెమ్మదిగా పోతుంది, భయపడొద్దు.

ఇదే గుణాన్ని వైద్యులు మంచికీ వాడుకున్నారు. బొల్లికి, సోరియాసిస్‌కు మందు ఇచ్చి, కొలిచిన మోతాదులో ఆ కిరణాలను చర్మం మీద పడేలా చేసే చికిత్సలో వాడేది ఈ జాంథోటాక్సిన్నే. మన బావంచాల్లోనూ సొరాలెన్ ఉంది. కానీ అక్కడ మోతాదు, కిరణాల లెక్క వైద్యుడి చేతిలో ఉంటాయి. పెరట్లో ఆకు నూరి రాసుకుంటే ఆ లెక్క ఎవరి చేతిలోనూ ఉండదు.

ఈ బొబ్బల సంగతి గ్రీకులకు, రోమన్లకు బాగా తెలుసు. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ కొండ మీది రూ కోసేవాళ్లకు చర్మం ఎర్రబడి దురద, మంట వస్తాయని, కోయబోయే ముందు ముఖానికి, చేతులకు పూత రాసుకోవాలని రాశాడు. ఎండకీ దీనికీ ఉన్న సంబంధం అప్పట్లో తెలియకపోయినా, జాగ్రత్త మాత్రం తెలుసు. ఈ మొక్క చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. దీన్ని నిజంగా వాడిన సమాజాలు ఉపయోగాన్నీ, హెచ్చరికనూ కలిపే చెప్పుకున్నాయి. ఇప్పుడు వీడియోల్లో ఉపయోగం మాత్రమే తిరుగుతోంది, హెచ్చరిక రాలిపోయింది.

రోమన్ రచయిత ప్లినీ దీన్ని ఎన్నో రోగాలకు చెప్పాడు. నల్ల సముద్రం ఒడ్డున పొంటస్‌ను ఏలిన ఆరో మిథ్రిడేటస్ రాజుకు విషప్రయోగం అంటే చచ్చేంత భయం. ఆయన ఓడిపోయాక రోమన్ సేనాని పాంపే ఆయన రహస్య కాగితాల్లో ఒక విరుగుడు చూశాడట: ఎండిన వాల్‌నట్లు రెండు, అంజీరలు రెండు, రూ ఆకులు ఇరవై, చిటికెడు ఉప్పు వేసి నూరి పరగడుపున తినడం. ఆ రోజంతా ఏ విషమూ పని చేయదని నమ్మకం. విషానికి అది విరుగుడు అని ఇప్పుడు ఎవరూ అనరు. కానీ ఇలాంటి కథల వల్ల రూ అంటే విషహారి అనే పేరు మధ్యయుగాల దాకా నిలిచింది. పాముతో పోరాడే ముందు మరబిల్లి లాంటి వీజెల్ అనే జంతువు రూ తింటుందనీ నమ్మారు. మన ముంగిస గురించి మన పల్లెల్లో చెప్పుకునే మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

చిత్రకారులు, చెక్కడం పని చేసేవాళ్లు కళ్లు బాగుండాలని దీన్ని రొట్టెతో తినేవారని కూడా ప్లినీ రాశాడు. హోమియోపతిలో కంటి అలసటకు, బెణుకులకు రూటా అనే మందు నేటికీ ఇస్తున్నారంటే ఆ పాత వాడుక నీడ అందులో ఉంది. దయచేసి దీన్ని చూసి ఆకు రసం కంట్లో వేసుకోవద్దు. అదే ప్లినీ గర్భిణులు రూ తినకూడదని, కడుపులో బిడ్డ చనిపోతుందని స్పష్టంగా రాశాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి హెచ్చరిక ఇది, నేటికీ చెల్లుతుంది.

అక్కడి నుంచి ఇది యూరప్ అంతా పాకింది. 800 ప్రాంతంలో చార్లెమేన్ చక్రవర్తి కాలంలో రాజ ఎస్టేట్ల తోటల్లో ఏమేం పెంచాలో రాసిన జాబితాలో రూ ఉంది. మఠాల తోటల్లోనూ పెంచారు. చర్చిలో పవిత్ర జలం చల్లడానికి దీని కొమ్మ వాడేవారు. 1750లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో ఖైదీల నుంచి అంటిన జైలు జ్వరం జడ్జీలను, లార్డ్ మేయర్‌నూ బలి తీసుకున్నాక, కోర్టు గదిలో రూ వంటి ఘాటు ఆకులు పరచడం ఆనవాయితీ అయింది. ఆ జ్వరం టైఫస్, పేల ద్వారా వచ్చేది. ఘాటు వాసన గాలిని శుభ్రం చేస్తుందన్న ఆనాటి ఆలోచన తప్పే. లిథువేనియాలో మాత్రం ఈ మొక్కకు రోగాలతో పని లేదు. అక్కడ ఇది పెళ్లికూతురి మొక్క, కన్నెపిల్లకు గుర్తు. పెళ్లిలో వధువు తల మీద రూ కొమ్మల కిరీటం పెడతారు.

మీరు ఇటలీ వంటల గురించి అడిగారు. రోమన్ల కాలంలో దీన్ని మనం కరివేపాకు వాడినంత ధారాళంగా వాడేవారు, వెల్లుల్లి, ఉప్పు, జున్నుతో కలిపి రోట్లో నూరేవారు. తర్వాత ఆ రుచి యూరప్ వంటిళ్ల నుంచి దాదాపుగా తప్పుకుంది. ఇప్పుడు ఉత్తర ఇటలీలో గ్రాపా అనే ద్రాక్ష సారా సీసాలో ఒక కొమ్మ వేసి ఉంచుతారు. పాలస్తీనాలో పచ్చి ఆలివ్ కాయలు ఊరబెట్టేటప్పుడు జాడీలో కొన్ని రెమ్మలు వేస్తారు. ఇథియోపియాలో దీన్ని తేనా ఆదమ్ అంటారు, కాఫీ కప్పులో చిన్న రెమ్మ ముంచి ఇస్తారు, బెర్బెరే మసాలాలో కాయలు కలుపుతారు. ఇవన్నీ గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది: ఎక్కడా గుప్పెడు ఆకు నూరి గ్లాసు రసం తాగరు. వాసన కోసం ఒకటి రెండు రెమ్మలు వేస్తారు, అంతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు అలా వాసన కోసం ఒక రెమ్మ వాడితే నాకేం అభ్యంతరం లేదు. ఆకు రసం, కషాయం, ఎండబెట్టిన పొడి, నూనె చుక్కలు మాత్రం ఎవరికీ చెప్పను. ఎక్కువైతే కడుపులో మంట, వాంతులు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్తుంది.

గర్భం విషయం విడిగా చెప్పాలి. నెలసరి రాకపోతే రూ కషాయం తాగమనే సలహా లాటిన్ అమెరికాలో పాతది, ఇప్పుడు మన భాషలో కూడా అక్కడక్కడ కనిపిస్తోంది. గర్భం పోగొట్టుకోవడానికి ఇది తాగి, శరీరంలో ఒకేసారి పలు అవయవాలు పనిచేయకుండా పోయి మహిళలు చనిపోయిన కేసులు ఉరుగ్వేలోని వైద్యులు నమోదు చేశారు. నెలసరి తప్పితే ముందు గర్భ పరీక్ష చేయించుకోండి, తర్వాత డాక్టర్‌ను కలవండి. ఇందులో ఇంటి వైద్యానికి చోటు లేదు. బిడ్డకు పాలిస్తున్నారు కాబట్టి మీరు కూడా ఈ ఆకు తినకపోవడమే మంచిది.

ఇక పాప. మీ అత్తగారి మాట వెనక ప్రేమ ఉంది, ఆ మాట నిజంగా పెద్ద సంప్రదాయం లోంచి వచ్చింది. మన దగ్గర సదాపాకు అంటేనే పసిపిల్లల ఆకు. జలుబుకు, కడుపునొప్పికి, ఫిట్స్‌కు రసం పోయడం, నూనెలో కాచి ఒంటికి రాయడం, గుడ్డలో మూటకట్టి ఉయ్యాలకు వేలాడదీయడం ఎన్నో ఇళ్లలో చూస్తాం. ఆసక్తికరమైన సంగతేంటంటే, ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల కూడా ఒకప్పుడు ఇది చంటిపిల్లల మొక్కే. అక్కడ రూ కొమ్మ ఆకారంలో వెండి తాయెత్తు చేయించేవారు. దాని పేరు చిమరూటా. కొమ్మ చివర్లకు నెలవంక, తాళంచెవి, పాము, చేప, చెయ్యి లాంటి చిన్న బొమ్మలు ఉంటాయి. దిష్టి తగలకుండా పసిబిడ్డకు కట్టేవారు. మీ అత్తగారు ఉయ్యాలకు కట్టే మూటకూ దానికీ ఉద్దేశం ఒకటే.

ఆవిడకు ఇలా చెప్పండి: "అత్తయ్యా, మూట కడదాం, నోట్లోకి మాత్రం వద్దు." మూటను పాప చేతికి, నోటికి అందనంత పైన కట్టండి. దారం వేలాడకూడదు, పాప మెడకు చుట్టుకునే అవకాశం ఉండకూడదు. ఆకు వాడిపోయి రాలుతుంటే తీసేయండి. రసం ఎందుకు వద్దో కూడా ఆవిడకు వివరంగా చెప్పండి. ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ, ఎండాకాలం ఆకుకూ వానాకాలం ఆకుకూ ఘాటు మారిపోతుంది, చుక్కలో ఎంత మందుందో ఎవరికీ తెలియదు. నాలుగు నెలల బిడ్డ కాలేయం పెద్దవాళ్లలా పని చేయదు. పైగా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కొందరు రసంలో తేనె కలుపుతారు, ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే ప్రమాదం. ముక్కు మూసుకుపోతే డాక్టర్‌ను అడిగి సెలైన్ చుక్కలు వేయండి. ఎగశ్వాస ఉన్నా, పాలు తాగకపోయినా, జ్వరం వచ్చినా, ముఖ్యంగా ఫిట్స్ వస్తే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చిన బిడ్డ నోట్లో ఏ రసమూ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఆకు వేసి కాచిన నూనె సంగతి చాలామంది ఆలోచించరు. పైకే కదా రాసేది అనుకుంటారు. కానీ బొబ్బలు తెప్పించే ఆ ఫ్యూరనోకూమరిన్లు నూనెలో బాగా కరుగుతాయి. మన అలవాటేమో బిడ్డకు నూనె పట్టించి పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెట్టడం. మీ మణికట్టు మీద జరిగింది పాప ఒళ్లంతా జరగడానికి ఇంతకన్నా దారి అక్కర్లేదు. నలుగుకు, స్నానానికి మామూలు కొబ్బరినూనె చాలు. ఈ ఒక్క మాట మీ చుట్టుపక్కల చంటిబిడ్డలున్న ఇళ్లలో కూడా చెప్తే నాకు సంతోషం.

పేర్ల వల్ల వచ్చే గందరగోళం కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ రూ నుంచి వచ్చిందని చదివి దీని ఆకులు నమిలేవాళ్లు ఉన్నారు. ఆ కథ గోట్స్ రూ అనే వేరే మొక్కది. అది చిక్కుడు కుటుంబం, పేరు గలేగా. సిరియన్ రూ అని ధూపానికి అమ్మే గింజలూ దీనివి కావు. ఈ మొక్క పేరుతో నిజంగా ముడిపడిన పదార్థం రూటిన్, 1842లో రూ నుంచే మొదట వేరు చేశారు. అది బక్‌వీట్ అనే ధాన్యంలోనూ దొరుకుతుంది కాబట్టి దానికోసం రూ తినక్కర్లేదు.

పెంచడం తేలికే, నీళ్లు ఎక్కువ పోయకపోతే. ఇది రాళ్ల మధ్య, సున్నం ఉన్న పొడి నేలలో పుట్టిన మొక్క. నర్సరీ నుంచి వచ్చే కుండీలో నిండా కొబ్బరి పొట్టు ఉంటుంది, మన వానాకాలంలో అది తడి వదలదు, వేరు కుళ్లిపోతుంది. ఎర్రమట్టి, ముతక ఇసుక చెరి సగం, కొద్దిగా ఎరువు కలిపి మట్టి కుండీలోకి మార్చండి. పైన రెండంగుళాల మట్టి ఎండాకే నీళ్లు పోయండి. వానల్లో చూరు కింద పెట్టండి. చలికాలమంతా పూర్తి ఎండలో హాయిగా ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ ఇవ్వండి. విత్తనం కన్నా కొమ్మ నాటడం సులువు. వానలు తగ్గాక, అక్టోబరు ప్రాంతంలో జానెడు కొమ్మ ఇసుకలో గుచ్చితే వేళ్లు వస్తాయి. మూడు నాలుగేళ్లకు మొదలు చెక్కబారి చూడ్డానికి బాగుండదు, అప్పటికి కొత్త మొక్క సిద్ధంగా ఉంచుకోండి.

కత్తిరించేది ఎప్పుడూ సాయంత్రం పొద్దు వాలాకే. గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా వేసుకోండి, అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి, కత్తెర కూడా కడగండి. పిల్లలు రాసుకుంటూ పరిగెత్తే దారిలో కుండీ పెట్టొద్దు. పాప పాకడం మొదలుపెట్టే లోపు ఎత్తైన గోడ మీదకు చేర్చండి.

ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగులు వస్తే మందు కొట్టకండి. అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. పెద్దవయ్యాక పచ్చగా మారి నాలుగు రోజుల్లో మొక్కను బోడి చేస్తాయి. నిమ్మ చెట్టో, ముదురు కరివేప చెట్టో ఉంటే అవి కూర్చున్న రెమ్మతో సహా కత్తిరించి దాని మీదకు మార్చండి. లేకపోతే వదిలేయండి, మోడు నుంచి కూడా సదాప మళ్లీ చిగురు వేస్తుంది.